సీసా మూత బిగించొద్దు నాయనా

ఒరే నాయనా, బంగారం పూత పూసిన గాజు మీద ఒక్క అణువు మందం పొరను గీతలు గీతలుగా అచ్చు వేస్తావంట కదా. మీ అమ్మ ఫోన్‌లో చెప్తుంటే నాకు గర్వమూ టెన్షనూ రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆ అచ్చు వేసే రబ్బరు ముద్ర తయారీకి పెద్దగా చెప్పేదేం లేదు. సిలికోన్ 10 పాళ్లకు గట్టిపరిచే మందు 1 పాలు, బుడగలు పోయాక 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టు. సిరాకి హెక్సాడెకేన్‌థయోలే తీసుకో, గంధకం కొసతో బంగారాన్ని పట్టుకునే థయోల్ అణువుల్లో అది పొడవాటి కర్బన గొలుసుది, పొట్టి గొలుసువి పక్కకు పాకి గీతల అంచులు చెడగొడతాయి, మన అనంతపురం ఎండలకు ఇంకా ఎక్కువ. ఏసీ గది ఇమ్మని మీ సార్‌ని అడుగు, మొహమాటపడకు. ముద్రను గట్టిగా నొక్కకు, కొన్ని సెకన్లు ఆనితే చాలు.

నా భయమంతా పూతకు ముందు గాజు కడిగే దగ్గరే. పిరానా ద్రావణం అంటారే, సల్ఫ్యూరిక్ ఆమ్లం 3 పాళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 పాలు, అది. నేను ల్యాబులో ఉన్న రోజుల్లో మా సీనియర్ ఒకాయన, పని బాగా తెలిసినవాడే, బస్సు తప్పిపోతుందని వాడేసిన ద్రావణాన్ని చల్లారకుండానే సీసాలో పోసి మూత బిగించి వెళ్లిపోయాడు. పెరాక్సైడ్ ఊరుకుంటుందా, విడిపోతూ ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది, బయటికి దారి లేకపోతే సీసానే పగలగొడుతుంది. పగిలింది. గదిలో ఎవరూ లేరు గనక సరిపోయింది. పొద్దున పోయి చూస్తే గాజు పెంకులు ఎదురు గోడ దాకా ఉన్నాయి, నేను రోజూ కూర్చునే చెక్క స్టూలు మీద నల్లగా కాలిన మచ్చలు. ఆ స్టూలు మళ్లీ నేను ముట్టలేదు. గాగుల్స్ పెట్టుకోమని మమ్మల్ని రోజూ తిట్టింది కూడా ఆయనే, చూడు మరి!

అందుకే చెప్తున్నా, పెరాక్సైడ్‌ను ఆమ్లంలోకి కొంచెం కొంచెంగా పోయాలి, ఆమ్లాన్ని దాంట్లోకి కాదు. అసిటోన్ తడి ఉన్న గాజును అందులో ముంచితే పేలొచ్చు, నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాకే ముంచు. ఒక్కడివే ఉన్నప్పుడు అసలు ముట్టకు. ప్లాస్మా క్లీనర్, అదే ఆమ్లం లేకుండా విద్యుత్తుతో వెలిగించిన వాయువుతో మురికి తీసే యంత్రం, దొరికితే ఈ గోలే వద్దు. చెప్తే వినే రకమా నువ్వు, దీపావళికి పేలని టపాకాయ దగ్గరకు పోయి ఊది చూసినవాడివి! ఆ రోజు నా గుండె ఆగినంత పనైంది.

అచ్చు వేశాక మిగిలిన చోటంతా నీళ్లను ఇష్టపడే థయోల్‌తో నింపుతావు కదా, అప్పుడు నోటి ఆవిరి ఊదు. ఒక్కో చోట ఒక్కో రకంగా చుక్కలు కడతాయి, గీతలు కాస్త వెడల్పువైతే కంటికే తెలుస్తాయి. దీన్ని మాత్రం ఎంతసేపైనా ఊదుకో.

ఆదివారం ఇంటికి రా, ఉగ్గాని బజ్జీ చేస్తాను. వచ్చేటప్పుడు గాగుల్స్ తెచ్చి చూపించు, కొన్నానని నోటితో చెప్తే నేను నమ్మను.

మీ పెద్దమ్మ