పొడవాటి ఫోర్కు వేసే ముందు

షెఫీల్డ్

చిరంజీవి చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఆ మౌంటెన్ సైకిల్ పాతదైనా, దాని స్టీలు హార్డ్‌టెయిల్ ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్ లేనిది) శుభ్రంగా ఉంది. కానీ దానికి ముందు చక్రాన్ని పట్టే, 140 మిల్లీమీటర్లు కుంగే సస్పెన్షన్ ఫోర్కు వేస్తానన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. ఆ ఫ్రేమ్ 100 ఫోర్కు కోసం చేసింది. డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం చదువు.

ట్రావెల్, అంటే ఎంత కుంగుతుందనే అంకె, ఒక్కటే చూసి ఫోర్కు కొనకూడదు నాన్నా. చక్రం ఇరుసు మధ్య నుంచి, పైన ఫోర్కు రెండు కాళ్లూ కలిసే క్రౌన్ మీద బేరింగు రింగు కూర్చునే చోటు దాకా టేపు పెట్టి కొలవాలి. ట్రావెల్ ఒకటే అయినా 26 అంగుళాల ఫోర్కు కంటే 29 అంగుళాలది రెండు మూడు సెంటీమీటర్లు పొడవుంటుంది. ఆ పొడవు 20 మిల్లీమీటర్లు పెరిగితే హ్యాండిల్ కింద ఫోర్కు దూరే హెడ్ ట్యూబ్ సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది, సీటు కింద ఉండే సీటు ట్యూబూ అంతే. నువ్వు పెంచేది 40. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు మాత్రం నీ బరువు వెనక్కి జారి ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఈడేల్ దగ్గర జేకబ్స్ ల్యాడర్ అనే రాళ్ల దారి ఎక్కితే నీకే తెలుస్తుంది.

ఇంకొకటి. హార్డ్‌టెయిల్‌కి వెనక సస్పెన్షన్ లేదు కనుక కుంగేది ముందు భాగమే. 140 మొత్తం కుంగితే హెడ్ ట్యూబ్ దాదాపు ఏడు డిగ్రీలు నిటారవుతుంది, అదీ ఏటవాలులో రాయి తగిలిన క్షణంలోనే. అందుకే పొడవు ఫోర్కు కోసం చేసే ఫ్రేమ్‌లో హెడ్ ట్యూబ్‌ని ముందే 65 డిగ్రీల దగ్గర వాల్చి, సీటు ట్యూబ్‌ని నిటారుగా పెడతారు. మన పీక్ డిస్ట్రిక్ట్‌లోని కోటిక్, కెనడా విస్లర్‌లోని క్రోమాగ్ అనే సైకిల్ కంపెనీలు ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. ఫోర్కు మారిస్తే పాత ఫ్రేమ్‌కి ఆ రూపం రాదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది పగులు. పొడవు ఫోర్కు గడ్డపలుగులా పనిచేస్తుంది. ప్రతి దెబ్బకీ హెడ్ ట్యూబ్ దగ్గర, అక్కణ్ణించి పెడళ్ల దాకా దిగే డౌన్ ట్యూబ్‌ని మీటుతుంది. మంచి స్టీలు గొట్టాలు చివర్లలో మందంగా, మధ్యలో పలుచగా ఉంటాయి. బర్మింగ్‌హామ్‌లోని గొట్టాల కంపెనీ రేనాల్డ్స్ వాళ్లు 1897లోనే దీనికి పేటెంటు తీసుకున్నారు. మందం పలుచనయ్యే చోట బలం తగ్గుతుంది. నేను నీ వయసులో ఇదే పని చేశాను. రెండో చలికాలం బురద కడుగుతుంటే డౌన్ ట్యూబ్ కింద వెంట్రుకంత తుప్పు గీత కనిపించింది. వేలితో రుద్దినా పోలేదు. అప్పటికి వారంగా దాని మీదే కొండ దిగుతున్నాను. స్టీలు కనుక పుటుక్కున విరగలేదు, ముందే చెప్పింది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఫ్రేమ్ చేసినవాళ్లు 120 దాకా ఒప్పుకుంటే 120 వెయ్యి, అంతకు మించొద్దు. ఫోర్కులో గాలి కాస్త ఎక్కువే పెట్టు, నువ్వెక్కి కూర్చుంటే ట్రావెల్‌లో ఐదో వంతు కంటే కుంగకూడదు. ఏడాదికోసారి సీటు పోస్టు తీసి గొట్టం లోపల తుప్పు పట్టకుండా నూనె కొట్టు. 140 కావాలనే ఉంటే ఆగి, దానికోసమే చేసిన ఫ్రేమ్ కొను. తక్కువపడితే నేను సర్దుతాను.

అమ్మే ఆయన్ని ఇంకో ఫొటో అడుగు. సైకిల్ తిరగేసి, హెడ్ ట్యూబ్ వెనక డౌన్ ట్యూబ్ అడుగుభాగం, పగటి వెలుగులో. రాగానే నాకు పంపు.

మీ బాబాయి