హైదరాబాద్‌లో ఇప్పుడు ప్రీ-లాంచ్ ఫ్లాటా, అద్దె గ్యారెంటీ ఇచ్చే కమర్షియల్ యూనిటా?

మీ ప్రశ్న చదివి ఊరుకోలేకపోయాను. 80 లక్షల బడ్జెట్, అందులో సగం లోను. తెల్లాపూర్ వైపు ప్రీ-లాంచ్‌లో (అనుమతులు రాకముందే అమ్మేది) ఫ్లాటు తీసుకోవాలా, కొత్త కాంప్లెక్సులో నెలనెలా అద్దె గ్యారెంటీ అంటున్న చిన్న యూనిట్ తీసుకోవాలా అని అడిగారు. ఆదివారంలోపు టోకెన్ ఇవ్వకపోతే రేటు పెరుగుతుందని ఏజెంటు తొందరపెడుతున్నాడనీ రాశారు. 2021లో నాకూ అచ్చం ఇదే మాట చెప్పారు.

అప్పుడు అమీన్‌పూర్ వైపు ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) 4,500 పైన నడుస్తోంది. మాకు 2,800కే ఇస్తామన్నారు, మొత్తం ఒకేసారి కడితే. 1,250 ఎస్‌ఎఫ్‌టీకి 35 లక్షలు. ఊళ్లో అమ్మ పేరున ఉన్న ఎకరం అమ్మిన డబ్బు అందులో ఉంది. చేతికొచ్చింది వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒక అగ్రిమెంటు, కంపెనీ లెటర్‌హెడ్ మీద రశీదు. పర్మిషన్ రాలేదు, రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని నమోదు చేసి నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నంబరు రాలేదు. అసలు స్థలం రైతుల దగ్గర్నుంచి బిల్డరు పేరు మీదకి పూర్తిగా మారనేలేదని ఏడాదిన్నర తర్వాత తెలిసింది. రెరాలో ఫిర్యాదు చేస్తే వడ్డీతో తిరిగివ్వాలని ఆర్డరు వచ్చింది. ఇప్పటికి ముక్కలు ముక్కలుగా 21 లక్షలు చేతికొచ్చాయి. అమ్మ ఇప్పటికీ ఆ డబ్బు గురించి అడగదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధ.

అందుకే ముందు చట్టం చెప్పే రెండు విషయాలు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, 8 యూనిట్లు దాటిన ప్రాజెక్టయినా రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. "రెరాకి అప్లై చేశాం సార్" అంటే నంబరు రాలేదనే అర్థం.

ఇక మార్కెట్ సంగతి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. అంటే గజం 2 లక్షల పైమాటే. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. అవి నలభై యాభై అంతస్తులు లేపగల స్థలాలు. కానీ పేపర్లో వార్త పడిన వారానికే శంకర్‌పల్లి రోడ్డులో రెండొందల గజాల ప్లాటు ఉన్నాయన కూడా రేటు పెంచేస్తాడు. మీకు చెబుతున్న రేట్లలో ఆ వేలాల వేడి చాలా ఉంది.

ఇంకోటి, మన ఊళ్లో చాలామంది లెక్కలోకి తీసుకోరు. 2006లో వచ్చిన జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు, తీసేశారు. రోడ్డు వెడల్పు ఉండి, చుట్టూ వదలాల్సిన జాగా వదిలితే ఎత్తు కట్టుకోవచ్చు. ఒక్కో ఎకరంలో వందల ఫ్లాట్లు లేస్తాయి. నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు వైపు వెళ్తే ఎన్ని క్రేన్లు నిలబడి ఉన్నాయో మీరే చూస్తారు. కాబట్టి ఈ ఆదివారం పోతే ఫ్లాటు దొరకదన్న భయం అక్కర్లేదు.

బోర్డు మీద రేటు తగ్గదు, బిల్డర్లు తగ్గించరు కూడా. మొదట కొన్నవాళ్లు గొడవ చేస్తారని. తగ్గింపు వేరే దారుల్లో వస్తుంది: కార్ పార్కింగ్ ఉచితం, క్లబ్‌హౌస్ చార్జీ మాఫీ, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకి అదనంగా తీసుకునేది) లేదు. అసలు బేరం జరిగేది రీసేల్లో. 2024 చివర్లో నేను మియాపూర్‌లో కొన్న అయిదేళ్ల ఫ్లాటుకి ఓనరు మొదట 92 లక్షలు చెప్పారు. నాలుగు నెలలు ఆగాను, 81కి ఇచ్చారు. ఆయనకి కెనడాలో కూతురి ఫీజు కట్టాల్సిన అవసరం, నాకు తొందర లేదు.

ఆ నాలుగు నెలల్లో నేను నేర్చుకున్న పని ఒకటుంది. శనివారం రాత్రి ఎనిమిదింటికి నేను చూస్తున్న టవర్ ఎదురుగా నిలబడి లైట్లు వెలిగిన కిటికీలు లెక్కపెట్టేవాణ్ణి. ఒక గేటెడ్ కమ్యూనిటీలో పద్నాలుగు అంతస్తుల బ్లాకులో నాకు కనబడే వైపు 56 ఫ్లాట్లుంటే 19 వెలుగుతున్నాయి. అన్నీ అమ్ముడుపోయాయని పగలు సేల్స్ ఆఫీసులో చెప్పారు. అమ్ముడైనవి నిజమే కావచ్చు, కానీ కొన్నవాళ్లలో ఎక్కువమంది మళ్లీ అమ్మడానికే కొన్నారు. రేపు మీరు అమ్మబోతే వాళ్లందరితో పోటీ. అలాగే జేబులో టేపు పెట్టుకెళ్లండి. 1,400 అన్న ఫ్లాటు గోడ నుంచి గోడకి కొలిస్తే వెయ్యి దాటలేదు. మిగతాది లిఫ్టు, మెట్లు, కారిడార్ల వాటా. రెండు ప్రాజెక్టుల్ని పోల్చేటప్పుడు ధరని కార్పెట్ ఏరియా (గోడల లోపలి జాగా) మీద భాగించి చూడండి, చవకనుకున్నది ఖరీదుగా తేలుతుంది.

ఖర్చులు కూడా కలపండి. 80 లక్షల ఫ్లాటు కడుతుండగా కొంటే జీఎస్టీ 5 శాతం, 4 లక్షలు. రిజిస్ట్రేషన్ 7.5 శాతం, 6 లక్షలు. ఓసీ (కట్టడం పూర్తయింది, కాపురం ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాక కొన్నా, రీసేల్ కొన్నా జీఎస్టీ ఉండదు.

కమర్షియల్ గురించి నా మాట కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. హైదరాబాద్‌లో ఆఫీసులకి గిరాకీ ఉంది. విదేశీ కంపెనీలు ఇక్కడ సొంత సెంటర్లు పెడుతున్నాయి. కానీ వాళ్లు తీసుకునేది ఒకే ఓనరు చేతిలో ఉన్న పెద్ద పెద్ద ఫ్లోర్లు, మీకూ నాకూ అమ్మే 300 ఎస్‌ఎఫ్‌టీ ముక్కలు కాదు. మా బావగారు అలాంటి ముక్కే కొన్నారు, గోడ లేదు, తలుపు లేదు, ఫ్లోరులో వాటా అంతే. పద్దెనిమిది నెలలు అద్దె ఠంచనుగా వచ్చింది. ఆయన కట్టిన డబ్బులోంచే ఆయనకి ఇస్తున్నారని తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది, ఎందుకంటే ఆ ఫ్లోరులోకి ఒక్క కంపెనీ కూడా రాలేదు. ఇప్పుడు అద్దె లేదు, అమ్ముదామంటే కొనేవాడు లేడు. కమర్షియలే కావాలంటే జనం తిరిగే రోడ్డు మీద గ్రౌండ్ ఫ్లోర్ షట్టర్, అద్దెకున్నవాడు ఉన్నది చూసుకోండి. 80 లక్షల్లో అది చిన్నదే వస్తుంది, శివారులోనే వస్తుంది.

కాగితాల్లో మూడు చోట్ల జాగ్రత్త. 2024 జులైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చినప్పటినుంచి చెరువు పక్క స్థలం అంటే అందరికీ భయం పట్టుకుంది, ఆ భయం మంచిదే. హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు, ఎక్కడుందో చూడండి. పది హెక్టార్లు దాటిన చెరువుకి ఆ గీత నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కట్టకూడని జాగా. రెండోది, పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టడంలో 10 శాతం కార్పొరేషన్‌కో హెచ్‌ఎండీఏకో తాకట్టులో ఉంటుంది, ఓసీ వచ్చాకే విడుదల. మీకు చూపించే ఫ్లాటు అందులో ఉందేమో ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీస్తే తెలుస్తుంది. మూడోది లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు. బ్యాంకు లోను ఇస్తోంది కదా అని వదిలేయకండి, మీ సొంత లాయరుకి వేరేగా చూపించండి.

నా సలహా మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను: ఓసీ వచ్చిన, కొత్తదో నాలుగైదేళ్లదో, 65 నుంచి 70 లక్షల మధ్యలో ఫ్లాటు వెతకండి. లింగంపల్లి, చందానగర్, మియాపూర్, బాచుపల్లి వైపు ఓపిగ్గా తిరిగితే దొరుకుతాయి. మిగిలింది రిజిస్ట్రేషన్‌కీ, చెక్కపనికీ సరిపోతుంది. ఏజెంటుకి ఫోన్ చేసి రెరా నంబరు వాట్సాప్‌లో పెట్టమనండి. నంబరు వస్తే రెరా సైట్లో ప్లాను, గడువు, ఎన్ని అమ్ముడయ్యాయి అన్నీ చూసుకుని నింపాదిగా ఆలోచించండి. నంబరు రాకపోతే ఆదివారం అటువైపు వెళ్లకండి, ఇంట్లోవాళ్లతో గడపండి.