ఆన్యేస్ సోరెల్‌ను నిజంగానే విషం పెట్టి చంపారా?

ఆన్యేస్ అంటే పదిహేనో శతాబ్దంలో ఫ్రాన్సు రాజు ఏడో చార్లెస్‌కు ప్రియురాలు. ఈ ప్రశ్నకు చాలామంది "అవును, వెంట్రుకల్లో పాదరసం దొరికింది కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు మాత్రం అది హత్య అనిపించదు.

ఫ్రాన్సులో తూర్‌లో చదువుకునేటప్పుడు ఒక చలికాలం లోష్ అనే ఊరు వెళ్లి ఆమె సమాధి చూశాను. అలబాస్టర్ రాతి బొమ్మ, జోడించిన చేతులు, తల దగ్గర ఇద్దరు దేవదూతలు, పాదాల దగ్గర రెండు గొర్రెపిల్లలు. లాటిన్‌లో గొర్రెపిల్లను ఆగ్నుస్ అంటారు, ఆమె పేరును గుర్తుచేసేలా పెట్టారు. చర్చిలో చలికి చేతులు కొంకర్లు పోతున్నా చాలాసేపు కదల్లేకపోయాను.

రాజు ఏడో చార్లెస్ ఆమెను దాచిపెట్టలేదు, అందరి ముందూ తన మనిషిగా గౌరవించాడు. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. నాలుగోసారి నిండు కడుపుతో ఉండి, నార్మండీ యుద్ధంలో ఉన్న రాజు దగ్గరికి చలికాలంలోనే ప్రయాణమైంది. 1450 ఫిబ్రవరి 9న జుమియేజ్ దగ్గర కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు ఉంటాయేమో. విరేచనాలతో పోయిందన్నారు. మరుసటి ఏడాది రాజు ఖజానా చూసే జాక్ కర్ మీద విషం నింద వేశారు. తన వీలునామా అమలు చేయమని ఆమె నమ్మి అప్పగించిన వాళ్లలో అతనూ ఒకడు! ఆ నింద నిలబడలేదు, చివరికి వేరే నేరాలకు శిక్ష వేశారు. యువరాజు లూయీ మీద కూడా అనుమానాలు పుట్టాయి, అతనికి ఆమె అంటే గిట్టదు కాబట్టి.

2005లో వైద్య పరిశోధకుడు ఫిలిప్ షార్లియే బృందం అవశేషాలను పరీక్షించింది. పాదరసం బాగా ఎక్కువగా ఉంది. కానీ ఆమె కడుపులో ఏలికపాములు ఉండేవనీ తేలింది. ఆ రోజుల్లో నులిపురుగులకు ఇచ్చే మందే పాదరసం. మోతాదు ఎవరో కావాలని పెంచారా, వైద్యుడి చెయ్యి తప్పిందా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. నా మనసు రెండో దానివైపే మొగ్గుతుంది.

నాకు ఏడో నెలలోనే కాన్పయింది. ఆ టెన్షన్‌లో ఎవరు ఏ మాత్ర చేతిలో పెట్టినా అడక్కుండా మింగాను. అందుకే ఆమెకు ఆ మందు ఎవరు ఇచ్చారన్న ప్రశ్న కంటే, ఆమె ఎంత నమ్మకంగా తాగి ఉంటుందో అన్నదే నన్ను వదలదు. ఏడు నెలల పిండం ఎముకలు కూడా ఆమె అవశేషాలతో పాటే దొరికాయని తర్వాత చదివాను. లోష్‌లో సమాధి ముందు నిలబడినప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.