తాబేలు పిల్లలు సముద్రం వదిలి ఊరివైపు ఎందుకు పాకుతాయి?

శ్రీకాకుళం జిల్లా బారువ ఒడ్డున తెల్లారేసరికి తాబేలు పిల్లలు రోడ్డు మీద చచ్చిపడి ఉంటున్నాయి, వాటికి సముద్రం ఎటుందో తెలియదా అని అడిగారు.

తెలుస్తుందండి. కాకపోతే వెలుగును బట్టి తెలుస్తుంది. చీకటి రాత్రి కూడా నీటి పైన ఆకాశం సరుగుడు తోటల వైపు కంటే కాస్త తెల్లగా ఉంటుంది. పిల్ల ఆ తెల్లటి అంచు వైపు పాకుతుంది, ఎత్తుగా నల్లగా కనిపించేదానికి దూరం జరుగుతుంది. ఒడ్డున ఒక్క తెల్ల ఎల్‌ఈడీ వెలిగితే చాలు, దారి తిరగబడిపోతుంది.

నీళ్లలో దిగాక కెరటానికి ఎదురు ఈదడం, భూమి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకోవడం మొదలవుతుంది. 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగం వచ్చింది. లాగర్‌హెడ్ అనే సముద్రపు తాబేలు జాతి పిల్లలకు ఒక చోటి అయస్కాంత క్షేత్రంలో మేత పెట్టారు, ఇంకో చోటి క్షేత్రంలో పెట్టలేదు. తర్వాత మేత దొరికిన క్షేత్రం తగలగానే అవి తల నీటిపైకెత్తి, నోరు తెరిచి, ముందు రెక్కలు ఆడించాయి. రేడియో తరంగాలు కలిపితే దిక్కు తప్పాయి గానీ చోటును మాత్రం గుర్తుపట్టాయి. అంటే ఆ రెండు జ్ఞానాలూ వేరువేరు. ఎంత అద్భుతమో చూడండి! కానీ గూటి నుంచి నీటి దాకా ఆ కొన్ని గజాలూ పిల్లకు దారి చూపేది వెలుగే.

ఇక చేయాల్సింది. మన తీరంలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్లు, ఆలివ్ రిడ్లేలు, ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి, గూటికి సుమారు 100 నుంచి 120. 45 నుంచి 60 రోజులకు పిల్లలవుతాయి. పై ఇసుక చల్లబడ్డాకే బయటకొస్తాయి కాబట్టి ఎక్కువగా రాత్రుళ్లే. అందుకని ఫిబ్రవరి మధ్య నుంచి మే చివరి దాకా చీకటి పడ్డప్పటి నుంచి తెల్లారేదాకా ఒడ్డు లైట్లు ఆర్పించండి. ఆర్పడం కుదరకపోతే దీపాన్ని కిందికి దించి, సముద్రం వైపు రేకు అడ్డం పెట్టి, కాంతి తరంగదైర్ఘ్యం 560 నానోమీటర్లు దాటిన ఎర్ర లేక ముదురు నారింజ బల్బు వేయండి. తెల్ల బల్బుకు రంగు కాగితం చుడితే ఎండకు వెలిసిపోతుంది, దాన్ని నమ్మొద్దు. సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే రాత్రి గూడు దగ్గర ఇసుక మీద బోర్లా పడుకుని చూడండి. బల్బు కంటపడినా, గోడ మీద పడ్డ కాంతి కనిపించినా పిల్లకూ కనిపిస్తుంది.

దారితప్పిన పిల్లల్ని నీళ్ల బకెట్లో వేసి ఉంచడం పెద్ద తప్పు. మొదటి రోజంతా ఆగకుండా ఈదడానికి కడుపులో మిగిలిన పచ్చసొనే వాటికి బలం, అది బకెట్లోనే ఖర్చయిపోతుంది. తడి ఇసుక పరిచిన బుట్టలో పెట్టి, గుడ్డ కప్పి, అటవీ శాఖకు వెంటనే చెప్పండి. ఇవి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి. వదిలేటప్పుడు చీకట్లో, నీటికి కాస్త ఎగువన ఇసుక మీద వదిలి వాటంతటవే పాకనివ్వాలి. గుడ్లు మాత్రం ముట్టుకోకండి. లోపల పిండం పెంకు పైభాగానికి అతుక్కుని ఉంటుంది, తిప్పితే చచ్చిపోతుంది.

ఇసుకలో ట్రాక్టరు చక్రాల గాడులు ఉంటే సాయంత్రమే పూడ్చేయండి. అందులో పడ్డ పిల్ల పైకెక్కలేక ఆ గాడి వెంటే పోతూ ఉంటుంది, కుక్కలకు దొరికేది అక్కడే.