ఏజెన్సీలో కానుగ తోటకు భూమి లీజుకు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. ముగ్గురు స్నేహితులం కలిసి అనంతగిరి మండలంలో అయిదు గిరిజన కుటుంబాల దగ్గర 20 ఎకరాలు 15 ఏళ్లకు లీజుకు తీసుకుని, బయోడీజిల్ కోసం కానుగ వేయాలనుకున్నాం. వాళ్లూ ఇష్టంగానే ఒప్పుకున్నారు. స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయించాం, కొంత అడ్వాన్స్ ఇచ్చాం. రిజిస్ట్రేషన్ మాత్రం కావడం లేదు. దారేమిటి?

జవాబు: ఆ కాగితం చెల్లదండీ, నోటరీ చేయించినా, ఆ కుటుంబాలు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా సరే. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదని 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్ చెబుతోంది, 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తాకట్టు, దానం అన్నీ అందులోకే వస్తాయి. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, ప్రభుత్వం కూడా అక్కడ గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు మీరు చెప్పిన అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీదే వచ్చింది. ఎవరైనా గిరిజనుడి పేరు మీద రాయించుకుని మీరు సాగు చేసుకోమని సలహా ఇస్తే వినొద్దు, రేపు ఆ భూ బదలాయింపు రెగ్యులేషన్ కింద కేసు (ఎల్టీఆర్ కేసు) పడితే భూమి వెనక్కి పోవడమే కాదు, జైలుకు పంపే సెక్షను కూడా ఉంది. ఆ 20 ఎకరాల్లో పోడు పట్టా భూమి ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అది వారసులకు వస్తుంది గానీ ఇంకెవరికీ బదిలీ కాదు.

మీకు కావలసింది గింజలు, భూమి కాదు కదా. అయితే గింజలే కొనండి. భూమి, చెట్లు, సాగు అన్నీ వాళ్లవే, పండిన కానుగ మీరు కొంటారు, అంతవరకే ఒప్పందం. పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం ఉంటే దానితో రాసుకోవడం ఇంకా మేలు. 2020 నాటి కాంట్రాక్టు సాగు చట్టం నమూనా పట్టుకుని రావద్దు, అది 2021లో రద్దయింది, మీది మామూలు కాంట్రాక్టు చట్టం కిందికే వస్తుంది.

కానుగ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, అన్నాళ్లూ ఆ ఇళ్లలో ఏం తింటారన్నది నాకు చట్టం కంటే పెద్ద ప్రశ్న. రాగులు, సామలు వేసే చేలు తీసేయించకండి. గట్ల మీద, ఖాళీ మెట్టల్లో వేయమనండి. మొక్కలు మీరివ్వండి, అవి చనిపోతే నష్టం మీదేనని రాయండి. కిలోకి ఇంతకు తగ్గకుండా కొంటామని, డబ్బు తూకం దగ్గరే ఇస్తామని, మార్కెట్ ధర పెరిగితే గిరిజన సహకార సంస్థకైనా ఇంకెవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ వాళ్లకుంటుందని స్పష్టంగా ఉండాలి. భూమి మీద హామీ, స్వాధీనం అన్న మాటలు ఎక్కడా రాకూడదు. అడవిలో ఏరే గింజల మీద హక్కు గ్రామసభది, వాటిని కొనాలంటే సభతో మాట్లాడాల్సిందే.

ఒప్పందం తెలుగులో రాసి గ్రామసభలో చదివి వినిపించండి, తెలుగు సరిగా రాని పెద్దవాళ్లకు వాళ్ల భాషలో చెప్పించండి. భార్యాభర్తలిద్దరి సంతకాలూ తీసుకోండి.

ఇక పాత కాగితం. రద్దు చేసుకున్నామని రెండు వైపులా రాసి సంతకాలు పెట్టుకోండి. ఇచ్చిన అడ్వాన్స్‌కు వడ్డీ కట్టి అప్పుగా మార్చకండి, ఏజెన్సీలో వడ్డీ వ్యాపారానికి 1960 రెగ్యులేషన్ కింద లైసెన్సు కావాలి. మొదటి కాపు గింజల ధరలో సర్దుకుంటామని కొత్త ఒప్పందంలో రాస్తే సరిపోతుంది, కాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి అడగబోమని కూడా రాయండి.