సీటు మార్చిలో, మార్కులు జూన్‌లో

తమ్ముడూ,

మొన్న ఫోన్‌లో "అమ్మాయి కాలేజీ అప్లికేషన్లన్నీ పంపేశాం అక్కా, ఇక పన్నెండో క్లాసు గ్రేడ్లతో పనేముంది?" అన్నావు. పక్కనే ఉన్న మీ బావ నవ్వారు. ఎందుకో చెప్తాను.

మనం ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు చేతికొచ్చాకే కౌన్సెలింగ్‌కి వెళ్ళేవాళ్ళం. అమెరికాలో తిరగేసి ఉంటుంది. సీటు మార్చిలో వస్తుంది, ఆఖరి మార్కులు జూన్‌లో వెళ్తాయి. ఆ మధ్యలో చేతిలో ఉన్నది షరతుల సీటే.

అమ్మాయి ఇప్పటిదాకా పంపిన ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే మార్కుల పట్టికలో, సెమిస్టర్ గ్రేడ్లున్నది పదకొండో క్లాసు వరకే. పన్నెండులో ఫస్ట్ సెమిస్టర్ అవగానే స్కూలు కౌన్సెలర్ ఆ గ్రేడ్లతో మిడ్ ఇయర్ రిపోర్టు పంపుతారు. గట్టి పోటీ ఉన్న ప్రైవేటు కాలేజీలు చాలావరకు అది చూశాకే తేలుస్తాయి. ఎర్లీలో, అంటే మామూలు గడువు కంటే ముందే, వేసినచోట డిఫర్ అయింది, నిర్ణయం వాయిదా వేశారు అన్నావుగా, అక్కడికైతే ఇది మరీ ముఖ్యం. పాత ఫైలునే మళ్ళీ తీస్తారు, కొత్తగా చూడటానికి ఈ గ్రేడ్లుండాలి కదా.

మీ కాలిఫోర్నియాలో యూసీల, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల, లెక్క వేరు. వాళ్ళు చూసే జీపీఏలోకి (గ్రేడ్ల సగటులోకి) పది, పదకొండు క్లాసుల గ్రేడ్లే వెళ్తాయి. అందుకే పన్నెండులో హాయిగా ఉండొచ్చనుకుంటారు. కానీ సీటు ఇచ్చాక మామూలుగా పెట్టే షరతులు చదువు: యూసీలు తప్పనిసరిగా అడిగే ఎ-జి సబ్జెక్టుల్లో సి కంటే తగ్గకూడదు, సీనియర్ ఇయర్‌లో, అంటే పన్నెండులో, వెయిటెడ్ జీపీఏ (కష్టమైన క్లాసులకి అదనపు పాయింటు కలిపేది) 3.0 ఉండాలి, సబ్జెక్టు మార్చినా, డి వచ్చినా వాళ్ళకి చెప్పాలి.

ఈ చెప్పడం దగ్గరే మా వాడు మునిగాడు. ఎర్లీలో వేశాడు కాబట్టి డిసెంబరులోనే సీటొచ్చింది. జనవరిలో ఏపీ ఫిజిక్స్ (కాలేజీ స్థాయి క్లాసు) వదిలేసి తేలిక క్లాసులో చేరాడు. కాలేజీకి చెప్పలేదు. జులైలో డార్మ్ (కాలేజీ హాస్టల్) కోసం దుప్పట్లు కొనుక్కొచ్చి కారులోంచి దింపుతుంటే ఈమెయిల్: కారణం రాసి పంపండి, సీటు సంగతి తర్వాత చెప్తాం అని. జవాబొచ్చేదాకా ఆ దుప్పట్ల కవర్లు విప్పలేదు నేను. వాడు టీచర్ మీదకి నెడుతూ రెండు పేజీలు రాశాడు. మీ బావ అవి చింపేసి, జరిగింది జరిగినట్టు అర పేజీ రాయించారు. సీటు నిలిచింది, అదృష్టం.

కాలిక్యులస్‌లో బి వచ్చిందని బెంగ పెట్టుకోకు, పిల్లని తిట్టకు. ఒక్క బికి సీట్లు పోవు. వరసగా ఎ గ్రేడ్లు తెచ్చుకున్న పిల్ల ఒక్కసారిగా సి, డిలకి పడితేనే అడుగుతారు. ఒంట్లో బాగోక అలా జరిగితే వాళ్ళు అడిగేదాకా ఆగకుండా కౌన్సెలర్‌తో రాయించు.

ఇంకొకటి. క్లాసు వదిలేయాలంటే మా వాడి స్కూల్లో పేరెంట్ సంతకం కావాలి. ఏదో ఫీల్డ్ ట్రిప్ కాగితం అనుకుని, పొయ్యి దగ్గర నిలబడే చదవకుండా సంతకం పెట్టింది నేనే. మీ అమ్మాయి అలాంటి కాగితం తెస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి.

అక్క