మొదటి కెమెరాగా కెనాన్ ఆర్‌50 తీసుకోవాలా, ఆర్‌100 సరిపోతుందా?

బాబు మొదటి పుట్టినరోజు కోసం కొంటున్నా అన్నారు కాబట్టి, కొంచెం ఎక్కువైనా ఆర్‌50 తీసుకోండి. నేను వాడుతున్నది అదే.

రెండూ 2023లో వచ్చినవే. రెండింట్లోనూ ఫొటోని పట్టే సెన్సర్ ఒకే సైజు (ఏపీఎస్-సి), 24 మెగాపిక్సెళ్లే. ఎండలో తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది దేనిదో చెప్పడం కష్టం. తేడా తెలిసేది వాడేటప్పుడే. ఆర్‌100 స్క్రీన్ కదలదు, టచ్ కూడా లేదు. పాకే పిల్లాణ్ణి వాడి కళ్ల ఎత్తులో తీయాలంటే మీరూ నేల మీద బోర్లా పడుకోవాలి. ఆర్‌50 అయితే స్క్రీన్ పక్కకి తెరిచి పైకి తిప్పుకుని, కెమెరాని చాప మీద ఆనించి, స్క్రీన్‌లో వాడి ముఖం మీద వేలు పెడితే చాలు. మా మేనకోడలు ఇల్లంతా పరుగులు పెడుతున్నా ఫోకస్ దాని కంటి మీదే ఉంటుంది. వీడియో సంగతి కూడా అంతే: ఆర్‌100లో 4కే పెడితే ఫ్రేమ్ కత్తిరించుకుపోతుంది, ఫోకస్ కూడా నెమ్మదిస్తుంది. ఆర్‌50లో ఆ గొడవ లేదు.

ఇక షాపువాళ్లు చెప్పనిది. కిట్‌లో వచ్చే 18-45 లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్6.3కి పడిపోతుంది (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది). ఫంక్షన్ హాల్లో, కేక్ కోసే టైముకి లైట్లు తగ్గించారంటే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆకాశాన్నంటి ఫొటో అంతా గింజలు గింజలే. అక్కడ ఆర్‌ఎఫ్ 50 ఎఫ్1.8 లెన్స్ ఉండాలి. దాదాపు 12 రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది. కాకపోతే అందులోనూ, బాడీలోనూ స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు. షటర్ స్పీడు 1/250 సెకను దగ్గర పెట్టుకోండి, పిల్లలు ఎలాగూ కుదురుగా ఉండరు.

సైలెంట్ మోడ్ మాత్రం ఆపేయండి. కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో మీద అడ్డంగా చారలొస్తాయి. ఇంట్లో కెనాన్ పాత ఫ్లాష్ ఉంటే దానికి ఏడీ-ఈ1 అడాప్టర్ విడిగా కొనాలి. బ్యాటరీ చిన్నది, ఇంకోటి జేబులో ఉండాల్సిందే.

దూరంగా ఉన్నవాటిని దగ్గరగా తీసే 55-210 లెన్స్ కూడా కలిపి రెండు లెన్సుల కిట్ అంటగట్టబోతే వద్దనండి. ఆ లెన్స్ ఎఫ్5తో మొదలై 7.1కి పోతుంది, ఇంట్లో పనికిరాదు. ఆ డబ్బు 50 ఎఫ్1.8 లెన్స్ మీద పెట్టండి.